ఆపరేషన్‌కి ముందు "మీరు ఆర్యవైశ్యులా" అని అడిగారు - అసలు ఈ జీన్స్ రీసెర్చ్ పేషెంట్ దాకా ఎంత వచ్చింది?

కూకట్‌పల్లి_కిట్టు

అందరికీ నమస్తే. మా అక్కకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు, ఆపరేషన్ రాశారు. మత్తు డాక్టర్ గారు చెకప్‌కి పిలిచి షుగరుందా, బీపీ ఉందా, కట్టుడు పళ్ళున్నాయా అని అన్నీ అడిగి చివర్లో "ఏమనుకోకండి, మీరు ఆర్యవైశ్యులా" అన్నారట. మా బావకి సర్రున కాలింది, పిత్తాశయానికి కులంతో ఏం పని అని. మేం వైశ్యులమే. అవునన్న వెంటనే ఇంకో బ్లడ్ టెస్ట్ రాసి అది వచ్చాకే డేట్ ఇస్తామన్నారు. ఏదో జీన్ అన్నారట, బావ కోపంలో సరిగ్గా వినలేదు. ఇది నిజంగా ఉందా, లేక బిల్లు పెంచే యవ్వారమా?

పనిలో పనిగా ఇంకో డౌట్. 2000లో హ్యూమన్ జీనోమ్, అంటే మనిషి డీఎన్ఏ మొత్తం, చదివేశారు అని పేపర్లనిండా రాశారు, అప్పుడు నేను ఇంటర్. ఇక క్యాన్సర్ ఉండదు షుగర్ ఉండదు అన్నట్టే రాశారు. మన హబ్సిగూడలోనే జీన్స్ మీద రీసెర్చ్ చేసే అంత పెద్ద సీసీఎంబీ ఉంది. పాతికేళ్ళయింది, మామూలు పేషెంట్‌కి ఒరిగిందేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

మత్తు_డాక్టర్

కిట్టు గారూ, ఆ డాక్టర్ అడిగింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. మీ బావగారికి చల్లటి మజ్జిగ ఇచ్చి ఇది చదివించండి.

జనరల్ ఎనస్తీషియాలో గొంతులోకి గొట్టం వేయాలంటే కండరాలు పూర్తిగా వదులవ్వాలి. దానికి స్కోలిన్ అని ఒక ఇంజెక్షన్ ఉంది, పాత మందు, చవక, నిమిషంలో పని మొదలెడుతుంది, మామూలుగా పది నిమిషాల్లోపు దిగిపోతుంది. దిగేది ఎందుకంటే రక్తంలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది స్కోలిన్‌ని విరగ్గొట్టేస్తుంది. బీసీహెచ్ఈ అనే జీన్ అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రెండు కాపీలూ పాడైనవే వస్తే ఆ ఎంజైమ్ దాదాపు ఉండదు. మిగతా జీవితంలో ఏ తేడా తెలీదు, హాయిగా తిరుగుతారు. స్కోలిన్ పడ్డ రోజే బయటపడుతుంది. సర్జరీ అయిపోతుంది, మత్తు ఆపేస్తాం, మనిషి మాత్రం వేలు కదపలేడు, ఊపిరి తీసుకోలేడు. గంటల తరబడి వెంటిలేటర్ మీద పెట్టి, మత్తులోనే ఉంచి, దానంతటది దిగేదాకా పక్కన కూర్చోవాలి. చిన్న నర్సింగ్‌హోమ్‌లో వెంటిలేటర్ ఖాళీ లేకపోతే ఏంటో ఊహించుకోండి.

ముందే తెలిస్తే అసలు సమస్యే కాదు. రోకురోనియం లాంటిది వాడతాం, దానికి ఆ ఎంజైమ్‌తో పనిలేదు. వైశ్యుల్లో ఈ లోపం మిగతా జనాభాతో పోలిస్తే చాలా ఎక్కువ, అందుకే తెలుగునాట పీజీలో చేరగానే సీనియర్లు చెప్పే మొదటి మాటల్లో ఇదొకటి. అలాగని వైశ్యులందరికీ ఉంటుందని కాదు, ఎక్కువమందికి ఉండదు. టెస్ట్ పేరు సీరం కోలినెస్టరేజ్, మామూలు రక్త పరీక్షే. పురుగుమందు తాగి వచ్చిన కేసుల్లో కూడా ఇదే చూస్తాం, అందుకే పెద్ద ల్యాబుల్లో చాలా చోట్ల దొరుకుతుంది.

సందేహాల_సుబ్బారావు

డాక్టర్ గారూ మీరు చెప్పింది బానే ఉంది కానీ ఇందులో జీనోమ్ రీసెర్చ్ ఏముంది? ఆపరేషన్ టేబుల్ మీద జనం లేవకపోతే చూసి నేర్చుకున్నారు. డీఎన్ఏ చదవక ముందే తెలిసిన సంగతి ఇది. దీన్ని సైన్స్ ఖాతాలో రాసేసుకుంటే ఎలా. ఇంకో మాట, ఈ కులానికి ఈ జబ్బు ఆ కులానికి ఆ జబ్బు అని లిస్టులు రాయడం మొదలెడితే అదెక్కడికి పోతుందో కూడా ఆలోచించండి.

తార్నాక_స్కాలర్

సుబ్బారావు గారి మొదటి పాయింట్ సగం ఒప్పుకుంటా. ముందు కనిపెట్టింది మత్తు డాక్టర్లే. కానీ జీన్‌లో ఏ అక్షరం మారిందో 2006లో దొరికింది, ఎందుకు వైశ్యుల్లోనే ఎక్కువ అన్నదానికి లెక్క 2017లో దొరికింది. ఆ లెక్క వైశ్యులకి మాత్రమే కాదు కాబట్టే అది ముఖ్యం.

సీసీఎంబీలో తంగరాజ్ గారి టీమ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ టీమ్ కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల డీఎన్ఏ చూశారు. 81 సమూహాల్లో తేలిందేంటంటే, ఒకప్పుడు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తర్వాత తరతరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చారు. ఆ మొదటి కొద్దిమందిలో ఒకరికి ఒక జీన్‌లో తేడా ఉంటే అది పలచబడకుండా అలాగే పాకింది. ఇలాంటిదానికి పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్ళలో, అష్కెనాజీ (యూరప్) యూదుల్లో కనిపించేదానికంటే ఈ 81లో ఇది గట్టిగా ఉంది. వీటిలో 14 సమూహాలు పది లక్షల జనాభా దాటినవే.

ఇక లిస్టుల సంగతి. అది జాతి గొప్పా తక్కువా కాదు, పెళ్ళి అలవాటు ఫలితం, ఏ గుంపు అలా చేసినా ఇంతే. ప్రతి గుంపుకీ ఏదో ఒకటి ఉంటుంది, పేరు ఇంకా తెలియనివే ఎక్కువ. తెలిస్తే మన పిల్లలకి డాక్టర్ల చుట్టూ పదేళ్ళ తిరుగుడు తప్పుతుంది.

మలక్‌పేట_మధు

నాకు సీసీఎంబీ అంటే ఆ గుండె జీన్ న్యూసే గుర్తు. అప్పుడెప్పుడో మన దేశంలో నూటికి నలుగురికి గుండె జబ్బు జీన్ ఉంది అని వచ్చింది, మా ఆఫీస్‌లో అందరం భయపడ్డాం. దాని సంగతేమైంది భయ్యా?

తార్నాక_స్కాలర్

మధు అన్నా, అదే ఈ థ్రెడ్‌కి అసలైన కేసు. ఎంవైబీపీసీ3 అనే జీన్‌లో 25 అక్షరాల ముక్క ఎగిరిపోయి ఉంటుంది, 2009 జనవరిలో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది, మన ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందని. గుండె కండరం బలహీనపడే జబ్బుతో, ముఖ్యంగా వయసు మళ్ళాక, సంబంధం ఉందని తేలింది. దొరికినప్పుడు పండగే, కానీ తర్వాత? ఆ తేడా ఉన్నవాళ్ళలో చాలామందికి జీవితాంతం ఏమీ అవ్వదు. ఎవరికవుతుందో ముందే చెప్పేది ఏది, చెప్పినా ఇవ్వాల్సిన ప్రత్యేకమైన మందు ఏది? ఉందని తెలిస్తే డాక్టర్ ఏం చెప్తాడు, ఎకో తీయించుకో, బీపీ అదుపులో పెట్టుకో, సిగరెట్ మానేయ్. అది లేనివాడికీ అదేగా చెప్పేది.

కాబట్టి నా లెక్కలో జీన్ దొరకడం ఒక పని, దానివల్ల డాక్టర్ చెయ్యి మారడం ఇంకో పని. స్కోలిన్ విషయంలో చెయ్యి మారుతుంది, ఈ మందు బదులు ఆ మందు, అంతే. ఎంవైబీపీసీ3లో ఇంకా మారలేదు. నాలుగు కోట్లు పెట్టి డీఎన్ఏ చదివే మిషన్ (సీక్వెన్సర్) కొనుక్కున్నా ఈ రెండో పని దానంతటది జరగదు.

జీడిమెట్ల_ఫార్మా

స్కాలర్ బ్రో నువ్వు ల్యాబ్ వైపు నుంచి చెప్తున్నావ్, నేను ఫ్యాక్టరీ వైపు నుంచి చెప్తా. జీన్ దొరికి మందు కూడా వచ్చి, ఆ మందు మనవాడి చేతికి రాకపోతే లాభమేంటి.

బ్లడ్ క్యాన్సర్‌లో సీఎంఎల్ ఉంది చూశారా, 1960లో ఫిలడెల్ఫియాలో ఒక పొట్టి క్రోమోజోమ్ చూశారు, 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ అది రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల వచ్చిందని తేల్చింది, దాన్నే గురిపెట్టి చేసిన ఇమాటినిబ్ 2001లో అమెరికాలో వచ్చింది. ఆ క్రోమోజోమ్ చూసిన దగ్గర్నుంచి మందు దాకా 41 ఏళ్ళు. మన దేశంలో కంపెనీ మందు నెలకి లక్షా 20 వేలు పలికితే, మన హైదరాబాద్ నాట్కో వాళ్ళు వీనాట్ పేరుతో పదివేల లోపే ఇచ్చారు, పేటెంట్ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి 2013లో ఆ కంపెనీ, నోవార్టిస్, ఓడిపోయింది. ఇవాళ సీఎంఎల్ పేషెంట్ రోజూ మాత్ర వేసుకుని ఆఫీస్‌కెళ్తున్నాడు. జీనోమ్ వల్ల ఏం ఒరిగిందని అడిగావ్ కదా కిట్టూ, ఇది ఒరిగింది, కాకపోతే కోర్టు మెట్లెక్కి మరీ ఒరిగింది.

తాజాది ఎస్ఎంఏ, పిల్లల్లో కండరాలు బలహీనపడిపోయే జబ్బు. 2021లో మన ఊళ్ళోనే ఒక చంటిబాబుకి 16 కోట్ల ఇంజెక్షన్ కోసం చందాలు పోగేశారు, అందరం ఫార్వర్డ్ చేశాం గుర్తుందా. ఆ జబ్బు జీన్ ఎస్ఎంఎన్1, 1995లో దొరికింది. మన అదృష్టమేంటంటే మనిషిలో దానికి నకలు లాంటి ఎస్ఎంఎన్2 ఉంది, అది సరిగ్గా చదవబడక సగం సగం పనిచేస్తుంది, దాన్ని సరిగ్గా చదివించే మందులే నుసినెర్సెన్, రిస్‌డిప్లామ్. రిస్‌డిప్లామ్ నోట్లో వేసే సిరప్, కంపెనీ సీసా 6 లక్షల పైచిలుకు. 2025 అక్టోబర్‌లో కోర్టులో గెలిచి నాట్కో 15,900కి తెచ్చింది.

ఉప్పల్_లత

15,900 అంటే నెలకా అన్నా? మా కొలీగ్ వాళ్ళ పాపకి ఎస్ఎంఏ టైప్ 2, ఎనిమిదేళ్ళు.

జీడిమెట్ల_ఫార్మా

సీసాకి అక్కా. సీసాలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. 20 కిలోలు దాటిన పిల్లలకి రోజుకి 5 మిల్లీగ్రాములు, అంటే 12 రోజులకో సీసా, ఏడాదికి ముప్పై. 4 లక్షల 77 వేలు. ఇంతకుముందు అదే ఏడాదికి కోటి 80 లక్షల పైమాట. తక్కువేం కాదు, ఉద్యోగస్తుడికి నడ్డి విరుగుతుంది, కానీ ఇల్లమ్మితే అయ్యేదానికీ, ఎన్ని ఇళ్ళమ్మినా కానిదానికీ ఉన్నంత తేడా ఉంది. డోసు బరువును బట్టి మారుద్ది, డాక్టర్ చెప్పాలి, నేను కాదు. ఇంకోటి, సెంట్రల్ గవర్నమెంట్ రేర్ డిసీజ్ పాలసీలో 50 లక్షల దాకా సాయం ఉంది, మన దగ్గర దానికి సెంటర్ సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల ప్రభుత్వ సంస్థ), నిమ్స్ కలిపి. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ ఓపీకి వెళ్ళి అడగమనండి.

రాజేంద్రనగర్_నాన్న

అన్నలు, అందరు పెద్ద పెద్ద ముచ్చట్లు చెప్తున్రు, మంచిగనే ఉన్నయ్. నాది చిన్న ముచ్చట. మా బాబుకి తలసీమియా మేజర్, అంటె ఒంట్ల రక్తం సరిగ్గ తయారుగాని జబ్బు. తొమ్మిది నెలలప్పుడు తెల్లగ పాలిపోతుండె, పాలు తాగుత లేడు, దిష్టి తగిలిందన్నరు, మా అమ్మ తాయత్తు కట్టించింది. టెస్ట్ చేస్తే గిది. అప్పటిసంది మూడు వారాలకోసారి రక్తం ఎక్కియ్యాలె. ఎక్కిచ్చిన రక్తంల ఐరన్ పేరుకపోయి గుండెకు లివర్‌కు పడ్తది, అందుకని రోజు గోలి నీళ్ళల కలిపి తాపుతం, తాగినంక గ్లాసు అడుగున పొడి ఉంటది, మల్ల నీళ్ళు పోసి అది గూడ తాపాలె, వాడు మూతి ముడుస్తడు. ఎండకాలం వచ్చిందంటే బ్లడ్ బ్యాంకులల్ల రక్తం దొరకదు, గ్రూపులల్ల మెసేజులు పెట్టుకుంట కూసుంటం.

నాకు, మా ఆమెకు ఇద్దరికి తలసీమియా మైనర్, అంటె పాడైన జీన్ ఒక్కటే ఉంటది, జబ్బు కనపడదు. మాకేం తెల్వదు, మేం పెళ్ళి పత్రికల మీద పసుపు పెట్టుకున్నం గని రక్తం పరీక్ష జేయించుకోలె. మాది మేనరికం గూడ కాదు. హెచ్‌బీ ఏ2 టెస్ట్, హెచ్‌పీఎల్‌సీ అంటరు, వెయ్యి రూపాయల అటు ఇటు. గది పెళ్ళికి ముందు ఎవలన్న చెప్పి ఉంటే అయిపోవు. జీన్ దొరికి ఎన్నేండ్లాయె? టెస్ట్ వచ్చి ఎన్నేండ్లాయె? అది మా బస్తీ దాక రాలె. గిదే నా బాధ.

తార్నాక_స్కాలర్

అన్నా, ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే పనికొచ్చే పోస్ట్ మీదే. సైప్రస్ అని చిన్న దీవి దేశం, అక్కడ తలసీమియా క్యారియర్లు, అంటే మీలా మైనర్ ఉన్నవాళ్ళు, మనకంటే చాలా ఎక్కువ. 1970లలో మొదలెట్టి పెళ్ళికి ముందు టెస్ట్ చేయించుకున్న సర్టిఫికెట్ ఉంటేనే చర్చిలో పెళ్ళి అన్నారు. పెళ్ళి ఆపమని కాదు, తెలుసుకోమని. కొత్తగా పుట్టే తలసీమియా మేజర్ పిల్లలు దాదాపు సున్నాకి వచ్చేశారు. దానికి జీనోమ్ సీక్వెన్సింగ్ అక్కర్లేకపోయింది. మన దేశంలో క్యారియర్లు నూటికి ముగ్గురు నలుగురు.

అలాగని మందు వైపు ఏమీ జరగలేదని కాదు. కడుపులో ఉన్న బిడ్డకి వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక కొన్ని నెలల్లో అది ఆగిపోయి పెద్దవాళ్ళది మొదలవుతుంది, మీ బాబుకి తొమ్మిది నెలలప్పుడు బయటపడ్డది అందుకే. కొందరిలో మాత్రం ఆ చిన్నప్పటిది పూర్తిగా ఆగదు, వాళ్ళకి తలసీమియా, సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు) ఉన్నా తేలికగా ఉంటాయి. ఎందుకని వేలమంది జీనోములు పోల్చి చూస్తే 2007, 2008లలో బీసీఎల్11ఏ అనే జీన్ దొరికింది, చిన్నప్పటి హిమోగ్లోబిన్‌ని ఆపే స్విచ్ అదే. రక్తం తయారుచేసే కణాల్లో ఆ స్విచ్‌ని క్రిస్పర్ అనే డీఎన్ఏ కత్తెరతో పాడుచేస్తే? అదే క్యాస్‌జెవీ, 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా ఓకే చేశాయి. కనిపెట్టిన పదిహేనేళ్ళకి మందు. నాకైతే ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ కనపడదు.

సందేహాల_సుబ్బారావు

రేటు కూడా చెప్పు బాబూ, అక్కడ ఆగిపోయావేం.

తార్నాక_స్కాలర్

22 లక్షల డాలర్లు. మన లెక్కలో 18 కోట్ల పైనే. పేషెంట్ మూలకణాలు తీసి, బయట ఎడిట్ చేసి, ఈలోపు కీమో ఇచ్చి ఎముక మజ్జ ఖాళీ చేసి, మళ్ళీ ఎక్కించాలి, వారాల తరబడి ఆసుపత్రిలోనే. ఆ కీమో వల్ల తర్వాత పిల్లలు పుట్టకపోయే రిస్క్ కూడా ఉంది. రేటు తగ్గినా ఆ కష్టం తగ్గదు.

సందేహాల_సుబ్బారావు

అదే నేను మొదట్నుంచీ మొత్తుకునేది. 18 కోట్ల మందు గురించి పేపర్లో ఫస్ట్ పేజీ, వెయ్యి రూపాయల టెస్ట్ గురించి ఎవడూ రాయడు. ఈ మధ్యలో ఇంకో గుంపు తయారైంది, ఉమ్మి డబ్బాలో వేసి పంపండి మీకు ఏ డైట్ పడుతుందో, మీ పిల్లాడు క్రికెటర్ అవుతాడో డాన్సర్ అవుతాడో డీఎన్ఏ చూసి చెప్తాం అని. మా అల్లుడు వేలు పోసి చేయించుకున్నాడు, ముప్పై పేజీల రంగుల రిపోర్ట్, సారాంశం ఏంటంటే కూరగాయలు తినండి నడవండి.

మత్తు_డాక్టర్

హహ, ఆ రిపోర్టులు పట్టుకుని నా దగ్గరకీ వస్తారు. ఒక మాట మాత్రం నిజం, షుగర్, గుండెపోటు లాంటి వాటికి వందల జీన్లు కలిపి రిస్క్ స్కోర్ అని ఇస్తారు చూడండి, వాటి వెనకున్న డేటా అత్యధికం యూరప్ మూలాలవాళ్ళది. అది తెచ్చి మన మీద పెడితే గురి తప్పుతుంది. జీనోమ్ ఇండియా అని 2020లో మొదలెట్టి మన దేశంలో సుమారు 10 వేలమంది జీనోములు చదివి 2025 జనవరిలో డేటా రీసెర్చర్లకి తెరిచారు, సీసీఎంబీ కూడా ఉంది అందులో. అది వాడి మనకంటూ స్కోర్లు తయారవ్వాలి, అప్పటిదాకా ఉమ్మి డబ్బాలకి డబ్బు పోయకండి.

కానీ సుబ్బారావు గారూ, టెస్ట్ అనగానే అన్నీ ఒకే గాటన కట్టకండి. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో మెర్‌క్యాప్టోప్యూరిన్ అనే మాత్ర రోజూ ఇస్తారు. ఎన్‌యూడీటీ15 జీన్‌లో తేడా ఉన్న పిల్లలకి మామూలు డోసే విషం, తెల్లకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్లతో ఐసీయూలో పడతారు. ఈ జీన్‌కీ ఈ రకం మందులకీ ఉన్న లింకు 2014లో కొరియా వాళ్ళు పేగు జబ్బు పేషెంట్ల మీద చేసిన స్టడీతో తెలిసింది, తెల్లవాళ్ళలో తక్కువ, మన ఆసియా వాళ్ళలో ఎక్కువ. ముందే టెస్ట్ చేసి డోసు తగ్గిస్తే చాలు. స్కాలర్ అన్న "డాక్టర్ చెయ్యి మారడం" ఇదే.

మలక్‌పేట_మధు

మా బాబాయ్‌కి స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ ఇచ్చారు, ఎవరో జీన్ టెస్ట్ చేయించమన్నారు. అవసరమా డాక్టర్ గారూ?

మత్తు_డాక్టర్

మీ కార్డియాలజిస్ట్‌నే అడగండి. సంగతేంటంటే, క్లోపిడోగ్రెల్ లివర్‌లో మారితేనే పనిచేస్తుంది, ఆ మార్చే జీన్ సీవైపీ2సీ19 మనవాళ్ళలో చాలామందికి మందకొడి. అమెరికాలో మందుల్ని చూసే సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే దాని మీద గట్టి హెచ్చరిక పెట్టింది. కానీ ఇప్పుడు టికాగ్రెలార్ జెనరిక్‌గా దొరుకుతోంది, దానికి ఆ జీన్ గొడవ లేదు, అందుకని చాలామంది టెస్ట్ చేసే బదులు నేరుగా మందే మార్చేస్తున్నారు. కొన్నిసార్లు వేరే మందు చవకైపోతే జీన్ టెస్ట్ అవసరమే తగ్గుతుంది.

ఉప్పల్_లత

ఒక భయం నాకు. ఈ టెస్టులు చేయించుకుంటే రేపు ఇన్సూరెన్స్ వాడు ఇది జెనెటిక్ జబ్బు, క్లెయిమ్ ఇవ్వం అంటే?

సందేహాల_సుబ్బారావు

అమ్మా ఇది నాకు తెలుసు, నేను ఇన్సూరెన్స్‌లోనే రిటైరయ్యా. 2018లో ఢిల్లీ హైకోర్టు, గుండె కండరం జబ్బు కేసులోనే, జెనెటిక్ అన్న ఒక్క సాకుతో క్లెయిమ్ కొట్టేయడం వివక్ష అని తీర్పిచ్చింది. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీల్ని అదుపుచేసే ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకి ఆ కారణం చూపి క్లెయిమ్ తిరస్కరించొద్దని చెప్పింది. అయినా పాలసీ కాగితం వెనక సన్నక్షరాలు చదువుకో. టెస్ట్‌లో తేలిన సంగతి దాచి పాలసీ తీసుకోకు, దొరికిపోతే ఏ కోర్టూ కాపాడదు.

మోడరేటర్

చిన్న మనవి: లత గారి కొలీగ్ గురించి ఇద్దరు పాప రిపోర్ట్ ఫోటో పెట్టమని అడిగారు, ఆ మెసేజ్‌లు తీసేశాం. పేర్లు, రిపోర్టులు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. థ్రెడ్ బాగుంది, కొనసాగించండి.

కొత్తగా_వచ్చా_88

నమస్తే అండీ, ఇప్పుడే జాయిన్ అయ్యాను, అంతా చదివాను. నాకు పెళ్ళి కుదిరింది, అబ్బాయి మా మేనత్త కొడుకే. రాజేంద్రనగర్ అన్న గారు చెప్పింది చదివాక భయమేస్తోంది. వాళ్ళింట్లో బ్లడ్ టెస్ట్ అంటే మా అత్త "నా కొడుక్కి ఏం రోగం" అని యుద్ధం చేస్తుంది. ఎలా అడగాలి?

రాజేంద్రనగర్_నాన్న

చెల్లె, వాళ్ళను అడగకు. ముందు నువ్వు చేయించుకో. నీది నార్మల్ వచ్చిందనుకో, అబ్బాయికి ఉన్నా పిల్లలకు మేజర్ రాదు, లొల్లే లేదు. నీకు మైనర్ ఉందని వస్తేనే అబ్బాయిని అడగాలె, అప్పుడు "నాకుంది బావా, నువ్వు గూడ చూపించుకో" అంటే ఎవ్వలు తప్పు పట్టరు. ఇద్దరికి ఉన్నా పెళ్ళి ఆపుకోనక్కర్లే, కడుపుతోని ఉన్నప్పుడు మూడో నెలల బిడ్డకు టెస్ట్ ఉంటది. మాకు రెండో పాపప్పుడు గట్లనే జేయించినం, పాప మంచిగుంది.

మత్తు_డాక్టర్

అన్న చెప్పింది కరెక్ట్. రెండు మాటలు కలుపుతా. హెచ్‌పీఎల్‌సీతో పాటు మామూలు సీబీసీ, ఐరన్ కూడా చేయించమ్మా, ఐరన్ బాగా తక్కువుంటే ఏ2 తగ్గి కనపడి మైనర్ ఉన్నా నార్మల్ అని వచ్చేస్తుంది. ఇది తలసీమియా, సికిల్ సెల్‌కే సరిపోతుంది. మేనత్త కొడుకు అంటున్నావ్ కాబట్టి మీ రెండిళ్ళలో చిన్నప్పుడే పోయిన పిల్లలు, చెవుడు, బుద్ధి ఎదగని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో మీ అమ్మమ్మ, నానమ్మలని అడిగి రాసుకుని, ఆ కాగితంతో జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళు. నిమ్స్‌లో జెనెటిక్స్ ఓపీ ఉంది. ముహూర్తం ఎప్పుడో చెప్పలేదు నువ్వు.

కొత్తగా_వచ్చా_88

మాఘమాసంలో అండీ. టైముంది.